అరచేయి ఎటు తిప్పాలి మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నాకు 24 ఏళ్ళు. ఐదు నెలలుగా జిమ్‌కి వెళ్తున్నాను. రాడ్‌తో బైసెప్స్ కర్ల్స్ (మోచేయి మడుస్తూ బరువెత్తి, జబ్బ ముందువైపు కండ పెంచే ఎక్సర్‌సైజు) కొడితే ఎడమ మణికట్టు నొప్పి పెడుతోంది. డంబెల్‌ని సుత్తిలా పట్టుకుని హామర్ కర్ల్స్ చేస్తే నొప్పి లేదు, పైగా బరువు కూడా ఎక్కువ లేస్తోంది. కానీ హామర్‌తో బైసెప్స్ రాదని, అది ముంజేతి ఎక్సర్‌సైజని నా ఫ్రెండ్ అంటున్నాడు. ఐదు నెలల కష్టం వృథా అయిందేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది సగమే నిజం. ముందు ఒక పని చేయండి. కుర్చీలో కూర్చుని కుడి మోచేయి మడిచి, ఎడమ చేత్తో కుడి జబ్బని పట్టుకోండి. కుడి అరచేతిని నేలవైపు నుంచి మెల్లగా పైకప్పు వైపు తిప్పండి. చేతిలో బరువేమీ లేకపోయినా కండ ఉండలా బిగుసుకోవడం మీకే తెలుస్తుంది. మోచేయి మడవడమే కాదు, అరచేతిని పైకి తిప్పడం కూడా బైసెప్స్ పనే. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. బైసెప్స్ ప్రధానంగా బొటనవేలు వైపు ఎముకని పట్టుకుని ఉంటుంది. అరచేయి తిరిగితే తిరిగేది ఆ ఎముకే. కుడిచేతివాటం వాళ్ళకి స్క్రూ బిగించేటప్పుడు బలం బాగా వచ్చేది అందుకే.

కాబట్టి అరచేయి పైకి ఉంటే బైసెప్స్‌కి పూర్తి పని. హామర్‌లో దాని వాటా కొంత తగ్గుతుందే తప్ప పోదు. దాని కిందే దాక్కున్న బ్రేకియాలిస్ అనే కండ రెండో ఎముకకి అతుక్కుని ఉంటుంది. అది తిరగని ఎముక. అందుకని మీరు ఎలా పట్టుకున్నా ఈ కండ పని చేస్తూనే ఉంటుంది. హామర్‌లో వీటికి తోడు ముంజేతి పైన, బొటనవేలు వైపు ఉబ్బే కండ కూడా గట్టిగా సాయం పడుతుంది. ముగ్గురు కలిసి మోస్తే బరువు ఎక్కువ లేవదా మరి? నీళ్ళ చెంబు ఎత్తి తాగేటప్పుడు మనం పట్టుకునేదీ ఈ పట్టే.

ఇక అరచేయి నేలవైపు పెట్టి చేసే రివర్స్ కర్ల్ సంగతి. అప్పుడు బైసెప్స్ కొస తిరిగిన ఎముకకి చుట్టుకుపోయి సరిగ్గా లాగలేదు. భారమంతా మిగతా రెండు కండల మీద, మణికట్టుని నిలబెట్టే సన్న కండల మీద పడుతుంది. ఇది నాకు పుస్తకం చెప్పలేదు, నా మోచేయి చెప్పింది. ముప్ఫై ఏళ్ళ వయసులో, కుర్రాళ్ళ ముందు గొప్పకి, మామూలు కర్ల్స్‌కి వాడే 30 కిలోల రాడ్‌నే తిరగేసి పట్టుకున్నాను. మోచేయి బయటివైపు పట్టేసింది. మూడు నెలలు తడి తువ్వాలు పిండలేకపోయాను. మీరు రివర్స్ చేస్తే మామూలు బరువులో సగంతో మొదలుపెట్టండి.

మీ మణికట్టు విషయానికొస్తే, తప్పు రాడ్‌ది. తిన్నని రాడ్ రెండు అరచేతుల్నీ పూర్తిగా పైకి తిప్పి కట్టేస్తుంది. అందరి ముంజేతులూ అంత తిరగవు, ఆ లోటుని మణికట్టు భరిస్తుంది. మీ జిమ్‌లో వంకర్లున్న ఈజెడ్ బార్ ఉంటే అది తీసుకోండి. లేదా డంబెల్స్‌తో, కింద హామర్‌లా మొదలుపెట్టి పైకి వస్తూ అరచేతిని తిప్పండి. ఎక్కడిదాకా హాయిగా తిరిగితే అక్కడిదాకానే. మణికట్టు వెనక్కి వాలకూడదు. వీటిని మూడు సెట్లు, పదేసి కౌంట్. తర్వాత హామర్ రెండు సెట్లు. ఐదు నెలల కష్టం ఎక్కడికీ పోలేదు.

రాడ్‌ని చేతులు దగ్గరగా పెట్టి పట్టుకుంటే బైసెప్స్‌లో బయటి భాగం, దూరంగా పెట్టి పట్టుకుంటే లోపలి భాగం పెరుగుతుందని జిమ్‌లో వాదించుకుంటుంటారు. తేడా ఉన్నా చాలా స్వల్పం. మోచేతులకి ఏది సుఖంగా ఉంటే అదే చేయండి.

మూడు వారాలు ఇలా చేసినా నొప్పి తగ్గకపోతే, లేదా వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే, ఎముకల డాక్టరుకి చూపించండి. మణికట్టుకి బ్యాండ్ చుట్టుకుని నెట్టుకురావద్దు.