పంటను కాపాడుకోవడానికి రైఫిల్: ఏ బోర్ కొనవచ్చు?

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా ఖానాపురం మండలం. పాకాల అభయారణ్యానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మాకు మూడెకరాల మక్క చేను ఉంది. అడవి పందులు ఒక్క రాత్రిలోనే సగం చేను పడగొడుతున్నాయి. మొదటిసారిగా వేట రైఫిల్ కొనాలనుకుంటున్నాను. .315 మంచిదా, .30-06 మంచిదా? లైసెన్సు ఉంటే పందులను కాల్చవచ్చా?

జవాబు: లైసెన్సు ఉన్నంత మాత్రాన కాల్చకూడదు. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం, బోర్ (తుపాకి గొట్టం లోపలి వెడల్పు) గురించిన మీ సందేహం చాలావరకు దీనితోనే తేలిపోవడం. ఆయుధ చట్టం, 1959 కింద వచ్చే లైసెన్సు తుపాకిని దగ్గర ఉంచుకోవడానికే. జంతువును చంపడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద వేరే అనుమతి కావాలి. 2022 సవరణ తరువాత అడవి పంది ఈ చట్టం రెండవ షెడ్యూలులో (రక్షిత జంతువుల జాబితాలో) ఉన్నందున, సెక్షన్ 9 ప్రకారం దాని వేట నిషిద్ధం. ఉచ్చు పన్నడం, చంపడానికి ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే కాబట్టి, గురి తప్పిందని చెప్పి బయటపడలేరు. నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అదే అభయారణ్యం లోపల జరిగితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు పడుతుంది.

అయితే అదే చట్టంలోని సెక్షన్ 11 ఒక దారి చూపుతుంది. నిలిచి ఉన్న పంటకు జంతువు ప్రమాదకరంగా మారిందని తృప్తి చెందితే, చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల ముఖ్య అధికారి) గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని, కారణాలు రాస్తూ, ఫలానా ప్రాంతంలో చంపడానికి రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వుతో చంపినా కళేబరం ప్రభుత్వానిదే. ఊళ్లో పంచుకుంటే అది మళ్లీ కేసే.

ఇక తుపాకి విషయం. ఆయుధ చట్టం సెక్షన్ 13 పంట రక్షణకు ముందుగా చెప్పేది గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకిని. అది చాలదని లైసెన్సు అధికారికి తోస్తే, కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న నున్నని బోర్ తుపాకికి (గొట్టం లోపల గాడులు లేనిదానికి) లైసెన్సు ఇవ్వవచ్చు. మీరడిగిన రెండు రైఫిళ్లూ ఈ వరుసలో లేవు. అవి నిషిద్ధ బోర్ (మామూలుగా పౌరులకు ఇవ్వని రకం) కావు (.303 మాత్రం నిషిద్ధమే), కాని వాటికి "తగిన కారణం" ఉందని మీరే అధికారిని ఒప్పించాలి. నా అభిప్రాయంలో, మూడెకరాల చేనుకు, చుట్టూ జనం మసలే చోట, చాలా దూరం పోయే తూటా గల .30-06 అడగడం మీ దరఖాస్తును మీరే బలహీనపరచుకోవడం. నున్నని బోర్ రకానికే చెందిన 12 బోర్ తుపాకి అడగండి.

మీ ఊరి విషయంలో మరొక చిక్కు ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి లేనిదే కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వకూడదని వన్యప్రాణి చట్టం సెక్షన్ 34 చెబుతోంది. ఇది గమనించకుండా నేరుగా లైసెన్సు అధికారికి దరఖాస్తు పెట్టుకుంటే నెలల తరబడి తిరగవలసి వస్తుంది. లైసెన్సు నిరాకరిస్తే ఆయుధ చట్టం సెక్షన్ 18 కింద అప్పీలు చేసుకోవచ్చు.

ఈలోగా చేను చుట్టూ కరెంటు తీగలు మాత్రం పెట్టకండి. రాత్రివేళ వాటికి ఎవరైనా తగిలి చనిపోతే మీ మీద నరహత్య కేసు నమోదు కావచ్చు. పట్టాదారు పాసుపుస్తకం నకలు, దెబ్బతిన్న చేను ఫోటోలు జతచేసి అటవీ రేంజ్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. సెక్షన్ 11 ఉత్తర్వుకైనా, లైసెన్సుకైనా మీకు మొదట అక్కరకొచ్చే కాగితం అదే.