రసాయనాల వల్ల అండకణంలో క్రోమోజోముల లెక్క ఎలా తప్పుతుంది?

క్షీరదాల్లో ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే అండాల మియోసిస్ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగం చేసే కణ విభజన) మొదలై, మధ్యలో ఆగిపోతుంది. మనుషుల్లో ఆ విరామం ఏళ్ల తరబడి, కొన్ని అండాల్లో నలభై ఏళ్లు కూడా ఉంటుంది. ఇంతకాలం ఆగి ఉండటమే పెద్ద బలహీనత.

అండం విడుదలకు ముందు విభజన మళ్లీ మొదలవుతుంది. మైక్రోట్యూబుల్స్ అనే సన్నని ప్రోటీను గొట్టాలతో కండె ఏర్పడి, క్రోమోజోమ్ జతలను రెండు వైపులకూ లాగుతుంది. కాల్చిసిన్, విన్‌బ్లాస్టిన్ లాంటి మందులు ఆ గొట్టాలకు ముడిసరుకైన ట్యుబులిన్ ప్రోటీనుకు అతుక్కుని ఆ గొట్టాలను కట్టనివ్వవు. అప్పుడు ఒక జత మొత్తం ఒకే వైపు ఉండిపోవచ్చు. తప్పు జరిగితే విభజనను ఆపే తనిఖీ వ్యవస్థ ఉంది కానీ, అండంలో అది శరీర కణాల్లో ఉన్నంత గట్టిగా పనిచేయదు. మనుషుల్లో 21వ క్రోమోజోమ్ మూడు కాపీలైతే డౌన్ సిండ్రోమ్ వస్తుంది.

పాలికార్బొనేట్ ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ అనే రసాయనం సంగతి మరీ ఆందోళన కలిగించేది. 1998లో అమెరికాలో పెట్రీషియా హంట్ అనే శాస్త్రవేత్త ల్యాబులో, పొరపాటున ఘాటైన డిటర్జెంట్‌తో కడగడంతో ఎలుకల పాలికార్బొనేట్ బోనులు, నీళ్ల సీసాలు పాడై ఈ రసాయనం బయటికొచ్చింది. క్రోమోజోములు వరుసలో నిలవని అండాలు 1-2 శాతం నుంచి 40 శాతానికి పెరిగాయి. గర్భంలోని ఆడ ఎలుక పిల్లలకు ఇది తగిలితే క్రోమోజోములు జతకట్టే దశే చెడుతుందని తర్వాత తేలింది. అంటే తల్లికి తగిలిన రసాయనం కడుపులోని కూతురి అండాలను చెడగొడుతుంది కాబట్టి, దెబ్బ మనవల తరంలో కనబడుతుంది.

మనుషుల్లో మాత్రం ఈ లెక్క తప్పడానికి ఇప్పటికి తెలిసిన అతిపెద్ద కారణం తల్లి వయసే.