ఫిట్స్ వచ్చిన మనిషికి ఒట్టు ఒక్కటే చాలదు

ప్రశ్న: మా ఆయనకు 44 ఏళ్లు. పదిహేనేళ్లుగా తాగుతున్నారు, ఇప్పుడు రోజూ రెండు క్వార్టర్లు. పోయినేడు అయ్యప్ప మాల కోసం ఉన్నట్టుండి ఆపితే రెండో రోజు చేతులు వణికి, ఫిట్స్ వచ్చాయి. ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించి నిద్రబిళ్లలు ఇచ్చారు, కొన్ని మిగిలాయి. మాల తీసిన వారానికే మళ్లీ మొదలుపెట్టారు. వచ్చే గురువారం మంత్రాలయంలో ఒట్టు వేసి మానేస్తానంటున్నారు. మనోబలం పెరగాలంటే ఏం చేయాలి? తెలియకుండా అన్నంలో కలిపే మందు వాడొచ్చా? – ఒక సోదరి, ఆదోని

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు భయం వేసింది ఆ ఫిట్స్ గురించే. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మెదడు అదుపు తప్పుతుంది. ఆపిన ఆరు గంటల నుంచి రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి విపరీతమైన చెమటలు పడతాయి, మతి తప్పి మాట్లాడతారు, లేని పురుగులు గోడ మీద కనిపిస్తాయి. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఒకసారి ఫిట్స్ వచ్చినవారికి మళ్లీ ఆపినప్పుడు ఇంకా తీవ్రంగా రావచ్చు. అందుకే గురువారం దాకా ఆగకండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల మానసిక వైద్య విభాగంలో చూపించండి. డాక్టర్ చూసేదాకా ఇంట్లో ఒక్కసారిగా మాన్పించకండి. ఈలోపు ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి. బండి నడపనివ్వకండి.

ఆ నిద్రబిళ్లలు మాత్రం మీ అంతట మీరు వేయకండి. వణుకు తగ్గించడానికి మేమూ ఆ కోవ మందులే వాడతాం. కానీ నాడి, వణుకు, లివర్ చూసి మోతాదు నిర్ణయిస్తాం, రోజురోజుకూ తగ్గించి ఆపేస్తాం. మద్యం మీద అవి వేస్తే ఊపిరి మందగించవచ్చు. మద్యం మాని బిళ్లలకు అలవాటుపడి వచ్చేవాళ్లనూ చూస్తుంటాను. సెలైన్ సంగతీ అంతే. తాగేవారిలో బి1 విటమిన్ తక్కువగా ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. ఫిట్స్ వచ్చిన మనిషిని ఏడాదిగా డాక్టర్‌కు చూపించకపోవడం పొరపాటే తల్లీ. తలకు దెబ్బ తగలడం వంటి వేరే కారణాలు ఉన్నాయేమో కూడా చూడాలి.

అన్నంలో కలిపే మందు వద్దే వద్దు. అది ఒంట్లో ఉన్న సంగతి తెలియక ఆయన మద్యం తాగితే వాంతులు, బీపీ పడిపోవడం, గుండెకు ప్రమాదం.

ఇక మనోబలం. మాల వేసుకున్నన్నాళ్లూ చుక్క ముట్టని మనిషికి అది లేదని నేను అనను. దీక్షలో తెల్లవారుజాము స్నానం, పక్కన సాటి స్వాములు, సాయంత్రం భజన ఉండేవి. మాల తీశాక ఆ సాయంత్రాలు ఖాళీ అయిపోయాయి. ఆసుపత్రికి రావడానికి, డాక్టర్ రాసిన బిళ్లలు మానకుండా వేసుకోవడానికి, వైన్ షాపు లేని దారిలో ఇంటికి చేరడానికి ఆ పట్టుదల వాడమనండి. తాగాలనే ఆరాటం తగ్గించే మందులున్నాయి. లివర్, కిడ్నీ పరీక్షలు చూశాకే ఇస్తారు. మనిషిని చూడకుండా నేను పేర్లు రాయలేను. మాట్లాడాలనిపిస్తే 14416, వ్యసన విముక్తికి 14446, రెండూ ఉచితమే.

వచ్చేటప్పుడు ఇంట్లో మిగిలిన ఆ బిళ్లల షీటు కూడా తీసుకురండి.