ఒక్క ఫోటో పంపు అబ్బయ్యా

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన సోమశిల డ్యాం, మైపాడు బీచ్, ఉదయగిరి దుర్గం ఫోటోలన్నీ చూశాను. నీకు చూసే కన్ను ఉంది. ఊరికే పొగడటం కాదు. మైపాడులో అందరూ సూర్యుడి వైపు ఫోన్లు ఎత్తితే నువ్వు వెనక్కి తిరిగి, ఆ ఎండ పడ్డ వలల కుప్పను తీశావు. కానీ ఆ ఫోటో నువ్వు పంపిన గుట్టలో ఎక్కడో అడుగున ఉంది. దానికి ముందు అదే సూర్యోదయం మళ్లీ మళ్లీ వచ్చింది. చూసేవాళ్లు మూడోదానికే వేలితో తోసేస్తారు. ఇకమీదట ఎవరికైనా సరే, ఒక్కటే పంపు. ఒకే చోట తీసినవన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఇది ఎందుకు, అది ఎందుకు వద్దు అని తేల్చుకునేటప్పుడే నీకు సగం విద్య వచ్చేస్తుంది.

"ఎలా ఉంది?" అని అడిగితే సూపర్ అంటారు, చప్పట్ల బొమ్మ పెడతారు. వాళ్ల తప్పేం లేదు, నువ్వు అడిగినదానికి అంతకన్నా ఏం చెబుతారు? "చూడగానే నీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?" అని అడుగు. నువ్వు దుర్గం చూపించాలనుకుంటే వాళ్లు మూలనున్న కరెంటు స్తంభం అన్నారనుకో, ఏం సరిచేయాలో నీకు తెలిసిపోయినట్టే. అడగక ముందు మాత్రం ఏమీ చెప్పొద్దు. "తెల్లారుజామున లేచి వెళ్లి తీశా" అన్నావంటే నీ కష్టాన్ని మెచ్చుకుంటారు గానీ ఫోటోను చూడరు.

ఉదయగిరి ఫోటో గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి, 1514లో గానీ పట్టుకోలేకపోయిన దుర్గం అది. నీ ఫోటోలో ఎవరైనా పరుగెత్తి ఎక్కేయగల దిబ్బలాగా ఉంది. కారణం నువ్వు వాడిన వైడ్ లెన్సు. అది దగ్గరున్న రాళ్లను పెద్దవి చేసి, దూరంగా ఉన్న కొండను చిన్నది చేసేస్తుంది. ఈసారి ఇంకొంచెం దూరం జరిగి, రెండు రెట్లో మూడు రెట్లో జూమ్ ఉన్న లెన్సు పెట్టు. కొండ నిటారుగా ముందుకు వస్తుంది. కింద ఒక మనిషో, మేకల మందో ఉంటే ఇంకా మంచిది. ఎత్తు ఎంతో కంటికి తెలియాలంటే పక్కన తెలిసిన కొలత ఒకటి ఉండాలి. ఇంకో మాట, నువ్వు వెళ్లింది మిట్ట మధ్యాహ్నం. నడినెత్తిన ఎండ ఉంటే రాళ్ల మడతల్లో నీడ ఉండదు, కొండంతా చదునుగా కనిపిస్తుంది. పొద్దున్నే ఏటవాలు ఎండ పడినప్పుడు ఒక్కో చీలికా విడిగా తెలుస్తుంది.

సోమశిల ఫోటోలో ఆకాశం పూర్తిగా తెల్లబారిపోయింది. అలా కాలిపోయిన చోట ఇక ఏం దిద్దినా రంగు రాదు, ఎందుకంటే అక్కడ వివరమే నమోదు కాలేదు. నీడలో ఉన్నదాన్ని మాత్రం తర్వాత కొంతవరకు పైకి తేవచ్చు. కాబట్టి ఫోన్‌లో మేఘం మీద వేలు పెట్టి, వెలుతురు కాస్త తగ్గించి తియ్యి. వీలైతే రా (RAW) ఫార్మాట్‌లో, అంటే ఫోన్ తనంతట తాను దిద్దని మూల ఫైలుగా తియ్యి. మైపాడులో ఒకదాంట్లో సముద్రం ఓ పక్కకు ఒరిగింది. స్క్రీన్ మీద గ్రిడ్ గీతలు ఆన్ చేసుకో, ఆ గొడవే ఉండదు. లెన్సు మీద ఉప్పు తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకు, కొంచెం తడి చేసి తుడువు.

ఇప్పుడు రంగుల సంగతి. నాకు బాగా పట్టింపున్న విషయం ఇది. పెన్నా కింద పొలాల ఫోటోలో పచ్చదనం అంత ఎందుకు పెంచావు? నారుమడి లేత పసుపు కలిసిన పచ్చ. పొట్టకొచ్చిన పైరు ముదురు పచ్చ. కోతకొచ్చిన చేనులో వెన్నులు బంగారు రంగుకు తిరిగినా, ఆకుల్లో అక్కడక్కడా పచ్చ మిగిలే ఉంటుంది. నువ్వు స్లయిడర్ చివరిదాకా లాగేసరికి ఈ మూడూ ఒకటైపోయాయి. ఆ ఫోటో పొలం చేసేవాళ్లకు చూపించు. పైరు ఏ దశలో ఉందో వాళ్లు చెప్పగలిగితే రంగు సరిగ్గా ఉన్నట్టు. ఫోటోల గురించి తెలిసినవాళ్లకంటే ఆ చోటు తెలిసినవాళ్లే ఇలాంటిది ముందు పట్టేస్తారు. వలల దగ్గరి ఫోటో జాలర్లకు చూపించినా అంతే.

దిద్దేటప్పుడు ముందు వాలు సరిచెయ్యి, అక్కర్లేని అంచులు కత్తిరించు, తర్వాత వెలుగునీడలు, రంగు చివర్న. రాత్రిపూట బ్రైట్‌నెస్ మొత్తం పెట్టుకుని కూర్చోకు. నీ స్క్రీన్‌లో సరిగ్గా ఉన్నది ఎదుటివాళ్ల ఫోన్‌లో చీకటిగా, ప్రింట్‌లో ఇంకా చీకటిగా వస్తుంది. తెల్లారి లేచాక ఇంకోసారి చూసి అప్పుడు పంపు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గించి పడేస్తుంది, ఆకుల్లో సన్నటి వివరమంతా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపు.

నీ స్నేహితులు కూడా తమవి నీకు పంపుతుంటారు కదా. అప్పుడు నీకు కనిపించింది ముందు చెప్పు, తర్వాత మార్చాల్సింది ఒక్కటే చెప్పు. తప్పుల చిట్టా అప్పజెబితే కొత్తవాళ్లు కెమెరా మూల పడేస్తారు. వాళ్లను అడగకుండా వాళ్ల ఫోటో దిద్ది, నలుగురిలో పెట్టకు.

ఎవరైనా లోపం చెబితే మళ్లీ అదే చోటికి వెళ్లు. నువ్వేమో ప్రతిసారీ కొత్త ఊరు వెతుక్కుంటున్నావు. మైపాడులో సూర్యుడు డిసెంబరులో ఆగ్నేయం వైపు నుంచి వస్తాడు, జూన్‌కల్లా ఈశాన్యం వైపు జరుగుతాడు. జనవరిలో ఆరున్నర దాటాక గానీ రాడు, మే ఆఖరుకు ఐదుముప్పావుకే వచ్చేస్తాడు. ఒక్క తీరంలోనే ఇంత తేడా ఉన్నప్పుడు, కొత్త చోట్ల కోసం పెట్రోలు తగలేయడం ఎందుకు?

ఉదయగిరి ఒరిజినల్ ఒకటి, నువ్వు దిద్దింది ఒకటి పంపు. ఒరిజినల్‌ను నేనూ నాకు తోచినట్టు దిద్ది పంపుతాను. తేడాలు ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం. అక్కను అడిగానని చెప్పు.

మామయ్య,
నెల్లూరు