బెల్లీ డ్యాన్స్ వీడియోల సంగతి సరే, ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 39. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువగా ఇంటి నుంచే పని. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. ఐదు నెలలుగా ఆన్‌లైన్ వీడియోలు చూసి బెల్లీ డ్యాన్స్ సాధన చేస్తున్నాను. ఈజిప్టు పాత సినిమాల్లో నయిమా అకెఫ్, సామియా గమాల్ నృత్యాలంటే నాకు ప్రాణం. వాళ్ల శైలి పట్టుకోవాలని ఆశ. నేర్చుకోవడానికి ఎలాంటి వీడియోలు ఎంచుకోవాలి? ఈజిప్షియన్, టర్కిష్, అమెరికన్ ట్రైబల్ శైలుల్లో నడుముకు ఏది తేలిక? సాధన తర్వాత కాస్త నడుం నొప్పి వస్తోంది. ఒక్కోసారి కుడి పిక్కలోకి లాగి, బొటనవేలు తిమ్మిరెక్కుతుంది. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర ముందే వేసుకుంటే ఇబ్బంది ఉండటం లేదు. రెండేళ్లుగా బీపీకి మాత్ర వాడుతున్నాను. అంతకుమించి సమస్యలేమీ లేవు. - ఒక సోదరి, హైదరాబాద్

సలహా: మీరు అడిగింది వీడియోల గురించి. నాకు ఆందోళన కలిగించింది మాత్రం ఉత్తరం చివర్లో మామూలు విషయంలా రాసేసిన మూడు సంగతులు: బొటనవేలి తిమ్మిరి, షాపులో కొన్న నొప్పి మాత్ర, బీపీ మందు. అందుకే ముందు వాటి గురించి చెబుతాను. మిమ్మల్ని చూడకుండా, పరీక్షించకుండా రాస్తున్నాను కాబట్టి దీన్ని వైద్యంగా కాకుండా హెచ్చరికగా తీసుకోండి.

నొప్పి నడుం దగ్గరే ఉండిపోతే అది చాలావరకు కండరాలది. పిరుదు మీదుగా పిక్కలోకి దిగి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే నడుం దగ్గర నరం ఒత్తుకుంటోందేమోనని చూడాలి. బొటనవేలు, పాదం పైభాగం సాధారణంగా నడుం కింది భాగంలో వెన్ను నుంచి వచ్చే ఎల్5 అనే నరం పరిధిలోకి వస్తాయి. మడమ, చిటికెన వేలు వైపు అయితే దాని కింద ఉండే ఎస్1 నరం అనుకుంటాం. దగ్గినా తుమ్మినా, ముందుకు వంగినా, ఎక్కువసేపు కూర్చున్నా నొప్పి కాల్లోకి జివ్వున లాగుతుంటే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ మీద అనుమానం ఇంకాస్త బలపడుతుంది. గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు వేసి చూడండి. కుడి పాదం ముందు భాగం ఎడమదానిలా పైకి నిలవకుండా జారిపోతుంటే వారాంతం దాకా ఆగొద్దు, వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి. నిలిచినంత మాత్రాన అంతా బాగున్నట్టు కూడా కాదు. పరీక్ష చేయాల్సింది డాక్టరే.

ఇంకో మాట. మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, రెండు కాళ్లలోనూ బలం తగ్గినా అది ఎమర్జెన్సీ. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అలాంటి పరిస్థితిలో గంటలు గడిచేకొద్దీ నరాలు కోలుకునే అవకాశం తగ్గిపోతుంది.

ఇక మాత్ర సంగతి. పేరు రాయలేదు మీరు. మన మెడికల్ షాపుల్లో నడుం నొప్పి అనగానే చేతిలో పెట్టేది ఎక్కువగా అసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన మాత్ర. ఒక్కోసారి దానికి కండరాలు వదులయ్యే మందు కూడా కలిపి ఉంటుంది. బీపీ మాత్ర పేరూ రాయలేదు. అది టెల్మిసార్టాన్ లాంటిదైతే, పేరు చివర హెచ్ అనే అక్షరం కూడా ఉంటే, అందులో ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రం ద్వారా పంపించే మందు కలిసి ఉండొచ్చు. స్ట్రిప్ వెనక మందుల పేర్లు చూడండి. ఈ మూడూ, అంటే టెల్మిసార్టాన్ రకం, నీటిని తగ్గించే రకం, అసిక్లోఫెనాక్ రకం ఒకే మనిషి ఒంట్లో కలవడం కిడ్నీలకు మంచిది కాదు.

ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకపోతే మీరు ఆ మాత్ర మానరు. కిడ్నీలో వడపోత జరగాలంటే అక్కడికి వచ్చే రక్తానికి తగినంత ఒత్తిడి ఉండాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కూడా రక్తం తెచ్చే నాళం తెరుచుకుని ఉండేలా ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కాపాడతాయి. నొప్పి మాత్ర ఆ ప్రోస్టాగ్లాండిన్లనే అడ్డుకుంటుంది. నొప్పి తగ్గడానికి కారణమూ అదే. టెల్మిసార్టాన్ రకం మందు రక్తం బయటికి వెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది. మూడో మందు నీటిని తగ్గిస్తుంది. దాంతో వడపోతకు కావాల్సిన ఒత్తిడి మూడు వైపుల నుంచీ పడిపోతుంది. దీనికితోడు మీరు గంటసేపు చెమటలు కక్కుతూ సాధన చేసి, నీళ్లు సరిగ్గా తాగలేదనుకోండి, కిడ్నీ మీద భారం ఇంకా పెరుగుతుంది. కిడ్నీల పనితీరును చూపించే క్రియాటినిన్ రక్తంలో పెరిగేదాకా ఒంట్లో ఏ బాధా తెలియకపోవచ్చు కూడా. పైగా ఈ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెట్టి బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి. ఈ మధ్య బీపీ ఎంత ఉందో చూసుకున్నారా? ఉత్తరంలో ఆ సంగతే లేదు.

ఒక జాగ్రత్త. ఇది చదివి బీపీ మాత్ర మానేయొద్దు. ఆపాల్సింది షాపులో కొన్న నొప్పి మాత్ర. క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్ష చేయించి రిపోర్టులు మీకు బీపీ మందు రాసిన డాక్టర్‌కే చూపించండి. కడుపులో మంట, నల్లటి విరేచనాలు ఉంటే అవి కూడా చెప్పండి. ఆ మాత్రలో పారాసిటమాల్ ఉండగానే, జ్వరమనో తలనొప్పనో మళ్లీ 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ వేసుకునే వాళ్లనూ చూస్తుంటాను. రెండూ కలిసి మోతాదు పెరిగిపోతుంది, ఆ దెబ్బ లివర్ మీద పడుతుంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ‘ముందే వేసుకుంటే’ అన్న మీ మాట. నొప్పి వచ్చాక మాత్ర వేసుకోవడం ఒక ఎత్తు, నొప్పి తెలియకుండా ఉండటానికి వేసుకుని నాట్యం చేయడం ఇంకో ఎత్తు. ఇక్కడితో ఆపు అని ఒళ్లు చెప్పే మాట మీకు వినిపించడం లేదు. మాత్ర ప్రభావంలో చేసిన సాధన సరిగ్గా ఉందో లేదో మీకూ తెలియదు, మీ వీడియోలో టీచర్‌కు అసలే తెలియదు. మాత్రతో తగ్గిపోయింది కాబట్టి ఏమీ లేదనుకున్నాను అని మా ఓపీకి వచ్చేవాళ్లు రోజూ అంటుంటారు. మీరు చదువుకున్నవారు, ఏ శైలి ఏ దేశానిదో ఇంత శ్రద్ధగా తెలుసుకున్నారు. ఆ శ్రద్ధలో కాస్తయినా మీ కాలి మీద పెట్టి ఉంటే ఈపాటికి ఒక డాక్టర్ మిమ్మల్ని చూసి ఉండేవారు. కోప్పడుతున్నాననుకోకండి, ఆలస్యం వల్ల తేలిగ్గా తగ్గాల్సినవి మొండికేయడం చూస్తుంటాను కాబట్టి చెబుతున్నాను.

భయపడాల్సిన పనీ లేదు. నరం ఒత్తుకోవడం వల్ల వచ్చే కాలి నొప్పి చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. పూర్తిగా మంచానికే పరిమితం కావొద్దు, నెమ్మదిగా నడుస్తూ ఉండటం మంచిది. డాక్టర్ చూడకముందే ఎంఆర్‌ఐ తీయించుకోవద్దు. ఏ నొప్పీ లేనివాళ్ల ఎంఆర్‌ఐలో కూడా డిస్క్ బల్జ్, అంటే డిస్క్ కాస్త ఉబ్బినట్టు, కనిపిస్తుంటుంది. ఆ రిపోర్టు చదువుకుని మీకు అనవసరమైన టెన్షన్.

డాక్టర్ చూసేదాకా వెనక్కి వంగడాలు, మోకాళ్ల మీదకి వాలడాలు, ఒళ్లంతా అలలా కదిలించే కదలికలు, తుంటినో భుజాలనో నిమిషాల తరబడి వేగంగా వణికించే షిమ్మీలు వద్దు. నొప్పి కాల్లోకి దిగకపోతే చేతుల కదలికలు, మామూలు నడక చేసుకోవచ్చు. మిగిలిన సమయం వీడియోలు చూడటానికే వాడుకోండి. మీరు అడిగిన శైలి అధ్యయనానికి అది సరిపోతుంది.

ప్రదర్శన వీడియో చూడటానికి, పాఠం వీడియో చేయడానికి. ఈ రెండూ కలిపేయడమే మీ ఇబ్బందికి ఒక కారణం కావొచ్చు. మీకు ప్రాణమైన నయిమా అకెఫ్ సర్కస్ కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడే విన్యాసాలు నేర్చిన మనిషి. 1959లో రెడా ట్రూప్‌ను స్థాపించి ఈజిప్టు జానపద నృత్యాన్ని రంగస్థలానికి తెచ్చిన మహమూద్ రెడా జిమ్నాస్ట్, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆ దేశం తరఫున పాల్గొన్నారు. సామియా గమాల్, ఆ కాలపు మరో నర్తకి తహియా కారియోకా కైరోలో బదియా మసబ్నీ నడిపిన క్లబ్బు వేదిక మీద రాటుదేలినవాళ్లు. అవి చిన్ననాటి నుంచో, ఏళ్ల తరబడి వేదిక మీదో తయారైన శరీరాలు. మీరేమో పగలంతా కుర్చీలో కూర్చుని, లాప్‌టాప్ మూసి నేరుగా అదే కదలిక చేయబోతున్నారు. దానికితోడు సినిమాలో కెమెరా నడుం దగ్గరికో ముఖం దగ్గరికో వచ్చినప్పుడు పాదాలు కనిపించవు. బరువు ఏ కాలి మీద ఉందో తెలియకుండా నడుం ఒక్కదాన్నీ అనుకరిస్తే ఆ పని వెన్నుపూస మీద పడుతుంది.

శైలి తెలుసుకోవాలంటే ఒకే ప్రదర్శనను కూర్చుని మళ్లీ మళ్లీ చూడండి. ఒకసారి పాదాలు కనిపించిన చోట్ల పాదాలే చూడండి. ఇంకోసారి కళ్లు మూసుకుని సంగీతం వినండి. ఎక్కడ ఆమె కదలకుండా ఆగిపోయిందో మరోసారి గమనించండి. ఈ పనిలో నడుముకు ప్రమాదమేమీ లేదు.

మూడు శైలుల్లో ఏది తేలిక అంటే సూటిగా చెప్పలేను. ఈజిప్షియన్ పద్ధతిలో కదలిక చిన్నగా, ఒంటి లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. టర్కిష్ పద్ధతిలో వేగం, నేల మీద చేసే భాగాలు ఎక్కువ. అమెరికన్ ట్రైబల్ 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కరొలీనా నెరిచ్చియో మొదలుపెట్టిన బృందం నుంచి వచ్చింది. ఛాతీ పైకెత్తి నిలబడే తీరు దాని లక్షణం, అలా నిలబడేటప్పుడు నడుం కూడా వెనక్కి వంచేసే పొరపాటు జరుగుతుంటుంది. మీ పరిస్థితిలో చిన్న కదలికలతో సాగే ఈజిప్షియన్ ప్రాథమిక పాఠాల వైపే మొగ్గుతాను, అదీ డాక్టర్ సరేనన్నాకే.

పాఠం వీడియో ఎంచుకునేటప్పుడు టీచర్ పాదాలతో సహా నిలువునా కనిపిస్తున్నారా, పక్క నుంచి కూడా చూపించారా అని చూడండి. వార్మప్ లేని పాఠం వదిలేయండి. ఒకవైపు తుంటిని పైకెత్తి కిందికి దించే హిప్ డ్రాప్ చెప్పేటప్పుడు బరువు ఏ కాలి మీదో, ఆ మోకాలు ఎంత వదులుగా ఉండాలో చెప్పని వీడియో మీకు పనికిరాదు. ఆ కాలి మోకాలు బిగదీసి, నడుం లోపలికి నొక్కి తుంటిని విసిరితే వెన్నుపూసల వెనకున్న చిన్న కీళ్లు నలుగుతాయి. నడుం కొవ్వు కరిగిస్తామని వేగంగా గెంతించే వీడియోల జోలికి వెళ్లొద్దు. రెండు వైపులా సమానంగా చేయించే పాఠం కావాలి. మీరు ఎక్కువగా కుడి తుంటితోనే సాధన చేస్తున్నారేమో ఒకసారి ఆలోచించండి.

కూచిపూడి నేర్చుకున్నానన్నారు కదా, అక్కడ ఇంకో చిక్కు ఉంది. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలిచే అరమండిలో పిరుదులు వెనక్కి తోసి నడుం వంచే అలవాటు కొందరిలో చిన్నప్పుడే పడిపోతుంది. గురువులు సరిదిద్దుతారు, అయినా అలసినప్పుడు తిరిగి వస్తుంది. గోడకు రెండు అంగుళాల దూరంలో మడమలు పెట్టి, పిరుదులు, వీపు ఆనించి నిలబడి, నడుం వెనక చెయ్యి దూర్చి చూడండి. అరచెయ్యి దూరితే మామూలే. పిడికిలి సులువుగా దూరుతోందంటే వంపు ఎక్కువగా ఉన్నట్టు. అప్పుడు మోకాళ్లు కాస్త వదిలి, తోక ఎముకను నేలవైపు దించడం నేర్చుకోవాలి. ఫోన్‌ను టేబుల్ మీద పెట్టి తలవంచి చూస్తూ చేయొద్దు, టీవీలో పెట్టుకోండి.

ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి గానీ, ఫిజికల్ మెడిసిన్ నిపుణుల దగ్గరికి గానీ ఈ వారంలోనే వెళ్లండి. రెండు మాత్రల స్ట్రిప్పులూ, మీ బీపీ చీటీ వెంట తీసుకెళ్లండి. సాధన చేసే ఆ వీడియోను, వీలైతే ఇంతకుముందు మీరు చేస్తుండగా పక్క నుంచి తీసిన వీడియోను కూడా ఫిజియోథెరపిస్ట్‌కు చూపించండి. ఏ కదలిక ఎన్నాళ్లు ఆపాలో, ఏది ఎప్పుడు మొదలుపెట్టొచ్చో మిమ్మల్ని పరీక్షించి, అవి చూశాక వాళ్లు చెబుతారు.