ఫైర్‌ఫాక్స్‌లో రంగు ఎందుకు వెలిసింది?

ప్రశ్న: అన్నా, మాది నారాయణపేట. మా మేనమామ చీరల దుకాణానికి ఆర్డర్ ఫారం చేస్తున్నాను. గళ్లలో 'మీ పేరు', 'మీ ఊరు' అని కనిపించే ప్లేస్‌హోల్డర్‌కు మెరూన్ రంగు ఇచ్చాను. క్రోమ్‌లో బాగానే ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో పదిసార్లు ఉతికిన చీరలా వెలిసిపోయింది. నెట్‌లో చూసి వెబ్‌కిట్, మోజ్, ఎంఎస్ అని ఒక్కో బ్రౌజర్‌కు వేరుగా వాడే పేర్లన్నీ కామాలతో కలిపి రాస్తే క్రోమ్‌లో ఉన్న రంగు కూడా పోయింది. ఒకటే టెన్షన్.

జవాబు: తమ్మీ, ముందు ఆ కామాల వరస తీసెయ్. కామాలతో కలిపిన సెలెక్టర్లలో, అంటే రంగు దేనికి వేయాలో చెప్పే పేర్లలో, ఒక్కటి అర్థం కాకపోయినా బ్రౌజర్ మొత్తం రూల్‌నే పక్కన పడేస్తుంది. మోజ్ పేరు క్రోమ్‌కు తెలియదు, అందుకే రంగు పోయింది. 2015లో నల్గొండలో ఒక బత్తాయి వ్యాపారికి ఫారం చేస్తూ ఇదే తప్పుతో నేనూ తెల్లవార్లూ కూర్చున్నాను. అప్పట్లో ఒక్కో బ్రౌజర్‌కు అదే రంగు విడివిడిగా రాయాల్సి వచ్చేది. 2017లో ఫైర్‌ఫాక్స్ 51, క్రోమ్ 57 వచ్చాక ఆ బాధ తప్పింది. రెండు కోలన్లు, పక్కనే ప్లేస్‌హోల్డర్ అని రాయి, చాలు. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడే కస్టమర్ ఉంటే మాత్రం ఒకే కోలన్‌తో ఎంఎస్ రూల్ వేరుగా పెట్టు.

ఇక వెలిసిన రంగు సంగతి. ఫైర్‌ఫాక్స్ ప్లేస్‌హోల్డర్ ఒపాసిటీని, అంటే రంగు చిక్కదనాన్ని, తనంతట తానే తగ్గిస్తుంది. అదే రూల్‌లో ఒపాసిటీ 1 అని రాస్తే నీ మెరూన్ నీకొస్తుంది.

నువ్వు అడగలేదు గానీ, 'అచ్చంపేట' అని పెట్టి చూడు. కింది చ-వత్తు తెగితే ప్లేస్‌హోల్డర్‌కు ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇచ్చి లాభం లేదు, అది అన్ని బ్రౌజర్లలో పనిచేస్తుందన్న నమ్మకం లేదు. గడి ఎత్తు, ప్యాడింగ్ ఇన్‌పుట్‌కే పెంచాలి.

రంగు మరీ ముదురుగా వద్దు, అలాగని తెల్ల గడిలో 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనకున్న తెలుపుకూ ఉండే తేడా) కంటే లేతగానూ వద్దు. 'మీ ఊరు' అనే మాటను గడి పైన లేబుల్‌గా కూడా రాయి. బత్తాయి ఫారంలో ఊరి గడిలో ఉదాహరణగా 'దేవరకొండ' అని కారునలుపులో పెట్టాను. ఆర్డర్లలో ఆ గడి ఖాళీగా వచ్చేది. ఒక పెద్దాయనకు ఫోన్ చేసి ఊరెందుకు రాయలేదని అడిగితే, "నువ్వే దేవరకొండ అని రాసి పెట్టినవ్ గద బిడ్డా. మాది చింతపల్లి. అది ఎట్ల తుడపాలె?" అన్నాడు.