మిక్స్ రిలీజ్ సర్వర్‌లో పాత డేటాబేస్ యూఆర్ఎల్‌నే ఎందుకు పట్టుకుని ఉంటుంది?

మీరు అడిగినవి రెండు. సర్వర్‌లో డేటాబేస్ యూఆర్ఎల్ మార్చినా మీ ఎలిక్సిర్ (ప్రోగ్రామింగ్ భాష) రిలీజ్, అంటే సర్వర్‌లో నడపడానికి కట్టిన యాప్ ప్యాకేజీ, పాతదానికే కనెక్ట్ అవుతోంది. మైగ్రేషన్ (డేటాబేస్ టేబుళ్లను మార్చే కోడ్) నడుపుదామంటే అక్కడ మిక్స్ (ఎలిక్సిర్ బిల్డ్ టూల్) కమాండే లేదు.

మొదటిదానికి కారణం ప్రాడ్.ఈఎక్స్ఎస్ అనే కాన్ఫిగ్ ఫైల్. రిలీజ్‌ను బిల్డ్ చేసేటప్పుడే మిక్స్ ఆ ఫైల్‌ను చదివేస్తుంది. అందులో సిస్టమ్.గెట్_ఎన్వ్ (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను చదివే ఫంక్షన్) రాస్తే, బిల్డ్ మెషిన్‌లో అప్పుడున్న విలువ రిలీజ్‌లో అచ్చయిపోతుంది. ఆ తర్వాత సర్వర్‌లో ఎన్నిసార్లు ఎక్స్‌పోర్ట్ చేసినా దాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. ఆ లైన్లను కాన్ఫిగ్ ఫోల్డర్‌లోనే రన్‌టైమ్.ఈఎక్స్ఎస్‌లోకి మార్చండి. ఆ ఫైల్ రిలీజ్ బూట్ అయిన ప్రతిసారీ నడుస్తుంది. ఎలిక్సిర్ 1.11 నుంచి ఇది ఉంది, 1.9, 1.10 అయితే ఫైల్ పేరు రిలీజెస్.ఈఎక్స్ఎస్. రన్‌టైమ్ ఫైల్ డెవలప్‌మెంట్‌లో కూడా నడుస్తుంది కాబట్టి, ప్రాడ్ (ప్రొడక్షన్) లైన్లను కాన్ఫిగ్_ఎన్వ్ (ఇప్పుడు నడుస్తున్నది ప్రాడా, డెవలప్‌మెంటా అని చెప్పేది) చూసే ఇఫ్ లోపల పెట్టండి. గెట్_ఎన్వ్ బదులు ఆశ్చర్యార్థకం ఉన్న ఫెచ్_ఎన్వ్ వాడండి. వేరియబుల్ లేకపోతే బూట్‌లోనే ఆగి దాని పేరు చెబుతుంది. నిల్ (ఖాళీ విలువ)తో సగం దూరం నడిచి పడిపోవడం కన్నా అదే నయం.

ఇంత చేసినా పాత విలువే వస్తుంటే మాడ్యూల్ అట్రిబ్యూట్లు (కోడ్‌లో అట్ గుర్తుతో రాసే విలువలు) వెతకండి. అట్ గుర్తు పక్కన అప్లికేషన్.గెట్_ఎన్వ్ రాసి ఉంటే అదీ కంపైల్ సమయంలోనే గడ్డకట్టేస్తుంది. దాన్ని ఫంక్షన్ లోపలికి తేవాలి.

ఇక మైగ్రేషన్. రిలీజ్‌లోకి మిక్స్ రాదు, రాకూడదు కూడా. అప్లికేషన్.లోడ్ చేసి, ఒక్కో రెపోకి (యాప్ డేటాబేస్‌తో మాట్లాడే మాడ్యూల్) ఎక్టో (ఎలిక్సిర్ డేటాబేస్ లైబ్రరీ).మైగ్రేటర్‌లోని విత్_రెపో పిలిచే చిన్న మాడ్యూల్ రాసుకోండి. ఫీనిక్స్ (ఎలిక్సిర్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అయితే మిక్స్ పీహెచ్ఎక్స్.జెన్.రిలీజ్ దాన్ని రాసిపెడుతుంది. తర్వాత రిలీజ్‌లోని బిన్ స్క్రిప్ట్‌కు ఇవాల్ ఇచ్చి ఆ ఫంక్షన్‌ను పిలవండి. ఇవాల్ మీ యాప్‌ను స్టార్ట్ చేయదు, అందుకే ఆ లోడ్ కావాలి. ఇప్పటికే నడుస్తున్న యాప్‌లోనే ఏదైనా పిలవాలంటే ఇవాల్ బదులు ఆర్‌పీసీ ఇవ్వండి.

మీరు అడగలేదు గానీ, ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి కాపీ చేస్తున్నారు కాబట్టి చెప్పాలి: ఎర్లాంగ్ రన్‌టైమ్ (ఎలిక్సిర్ కోడ్‌ను నడిపేది) కూడా రిలీజ్‌తోనే వెళ్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్, ప్రాసెసర్ రకం రెండుచోట్లా ఒకటే ఉండాలి. కొత్త ఉబుంటులో కట్టి పాతదానిలో నడిపితే జీలిబ్‌సీ (లినక్స్ ప్రాథమిక సీ లైబ్రరీ) వెర్షన్ దొరకలేదంటుంది. ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌లో జీలిబ్‌సీ బదులు మజిల్ (musl) లైబ్రరీ ఉంటుంది కాబట్టి మామూలు లినక్స్‌లో కట్టింది అక్కడ లేవదు. సర్వర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్‌తోనే డాకర్‌లో బిల్డ్ చేస్తే ఈ గొడవ ఉండదు.

సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) కింద నడిపేటప్పుడు ఆ బిన్ స్క్రిప్ట్‌కు డీమన్ కాదు, స్టార్ట్ ఇవ్వండి.